పొగ ఎందాకా పోతే అందాకా

అనగనగా ఒక అడవిలో, వాన పట్టుకుంటే వారాల తరబడి వదలని అడవిలో, జంతువులన్నీ గడ్డి ఇళ్లు కట్టుకుని, మట్టి పొయ్యిలు వేసుకుని బతికేవి. ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెనక నుంచి ఒక కాల్చిన మట్టి గొట్టం లేచి, గడ్డి కప్పును దాటి పైకి పోయేది. పొగ బయటికి పోవడానికి పెట్టుకున్న గొట్టం అది.

ఆ అడవిలో పనుల పంపకం చాలా సులువుగా జరిగిపోయింది. కప్పు కింద ఉన్నదంతా ఆడవాళ్లది. అంటే పొయ్యి, బూడిద, అంట్లు, పిల్లలు, పొగ. కప్పు మీద ఉన్నదంతా మగవాళ్లది. పైన ఏముంది అని అడుగుతారేమో పిల్లలూ. గాలి ఉంది. వాన తెరిపిచ్చినప్పుడల్లా మగజంతువులన్నీ ఎవరి కప్పు మీద వాళ్లు ఎక్కి కూర్చుని, అడవి బాగోగులు మాట్లాడుకునేవి. ఆడది కప్పెక్కితే ఇంటాయన నెత్తి తొక్కినట్టేనని అక్కడి కట్టుబాటు.

మరి గొట్టం సంగతి? అది సగం కింద ఉంది, సగం పైన ఉంది.

"పొగ పొయ్యిలోంచి వస్తుంది. పొయ్యి ఆడవాళ్లది. గొట్టం వాళ్లే దులుపుకోవాలి" అనేవారు మగవాళ్లు.

"గొట్టం మూతి కప్పు మీదుంది. అక్కడికి మమ్మల్ని రానిస్తేగా" అనేవారు ఆడవాళ్లు.

అలా ఎవరూ దులపలేదు. దులపకపోవడానికి ఒక గొప్ప కారణం కూడా కనిపెట్టారు. గొట్టంలో ఎంత మసి పేరుకుంటే అంత వంట జరిగినట్టట, అది అంత కలిగిన ఇల్లట. సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్లు ముందు కప్పెక్కి గొట్టంలోకి తొంగిచూసేవారు. లోపల వెలుతురు కనిపిస్తే పెదవి విరిచి దిగిపోయేవారు. ఏమీ కనిపించకపోతే తాంబూలం పుచ్చుకునేవారు.

అలాంటి అడవిలో గవరమ్మ అనే ముళ్లపంది ఉండేది. మొగుడు సింగన్న. అత్త నూకాలు. కూతురు బుల్లి. బుల్లికి ఒంటి మీద ముళ్లింకా గట్టిపడలేదు. ఎవరైనా ముట్టుకుంటే గడ్డిపోచల్లా వంగిపోయేవి.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. ఒకరోజు పొద్దున్న గవరమ్మ గంజి కాస్తుంటే పొగ పైకి పోకుండా వెనక్కి తన్నింది. వంటిల్లంతా కమ్మేసింది. బుల్లి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గి దగ్గి, ఊపిరి అందక, గడపలో కూలబడింది.

గవరమ్మ బయటికి వచ్చి కప్పు వైపు చూసింది. సింగన్న పైన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మావా, పొగ వెనక్కి తన్నుతోంది. పిల్లకి ఊపిరాడట్లేదు. కాస్త ఆ గొట్టంలోకి చూడు" అంది.

"ఊదడం రావాలి. మా అమ్మ పొయ్యి ఊదితే పొగన్నదే ఉండేది కాదు" అన్నాడు సింగన్న.

లోపల మూలన కూర్చున్న వాళ్లమ్మ దగ్గుతోంది. కొడుకు మాట విని దగ్గు ఆపుకోబోయింది గానీ అది ఆగలేదు.

"కట్టెలు కూడా పచ్చివే. ఎండల్లో కొట్టి ఆరబెట్టమన్నాను" అంది గవరమ్మ.

"ఎండల్లో ఎండగా ఉంటుంది కదే" అన్నాడు సింగన్న.

గవరమ్మ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి, నోరు మూసుకుని, పొయ్యి ఊదింది. గొట్టం హెచ్చరించడం ఇది మొదటిసారి.

రెండు మూడు రోజులు గడిచాయి. గంజి కుండలో టప్పుమని ఏదో పడింది. గరిటెతో తీసి చూస్తే నల్లటి చుక్క. తారులా జిగురుగా ఉంది. మాడు కంపు కొడుతోంది. తలెత్తితే గొట్టం పగులులోంచి ఇంకో చుక్క సాగుతోంది.

"అత్తా, ఇదేంటి?"

నూకాలు కళ్లు చిట్లించి చూసింది. ఆమెకు చూపు ఎప్పుడో మసకబారింది. వాసన చూసి చెప్పింది. "కలిమే. గొట్టం నిండితే అలా కారుతుందని మా అత్త చెప్పేది."

"కలిమి గంజిలో పడితే తాగుతావా?"

"నేను తాగనమ్మా. నువ్వు కావాలంటే పారబొయ్యి" అంది నూకాలు మెల్లగా. "గట్టిగా పారబొయ్యకు. వాడు వింటాడు."

గవరమ్మ గంజి పారబోసి, ఆ నల్ల చుక్కను ఆకులో పెట్టుకుని అడవి పెద్ద దగ్గరికి వెళ్లింది. అడవి పెద్ద ముఖలింగం అనే కొండముచ్చు. అతను రోజంతా కప్పుల మీదే ఉండేవాడు. అందరి గొట్టాల పక్కనా కూర్చున్నవాడే గానీ సంబంధాల వేళ తప్ప ఒక్క గొట్టంలోకీ తొంగిచూసినవాడు కాదు.

"ముఖలింగం బావగారూ, మా గొట్టం మూసుకుపోతోంది. ఎవరినైనా మగవాళ్లని పంపి దులిపించండి. లేకపోతే నన్నే ఎక్కనివ్వండి" అంది గవరమ్మ.

ముఖలింగం తోక సర్దుకున్నాడు. "కట్టుబాటు ఏం చెబుతోంది? పొగ ఆడవాళ్ల సంగతి. కప్పు మగవాళ్ల సంగతి. నీ పొగతో మగవాణ్ణి పని చేయించడం తప్పు. మగవాడి కప్పు నువ్వెక్కడం ఇంకా తప్పు."

"మరి ఒప్పేది బావగారూ?"

"ఓర్చుకోవడం."

గడప లోపల ముఖలింగం భార్య రావులమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏడ్చిందేమో అనుకోకండి. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. గవరమ్మ చేతిలోని ఆకు వైపు చూసింది. చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇది రెండోసారి.

మూడో హెచ్చరిక మాత్రం మెల్లగా రాలేదు. గాడ్పులా హోరుమంటూ వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. పక్కింటి ఎలుగుబంటి గున్నమ్మ దుంపలు ఉడకేస్తోంది. వాళ్ల గొట్టంలోంచి గుర్రుమని చప్పుడు లేచింది. పెద్ద గాలి సన్నటి సందులో ఇరుక్కుని బయటికి రావడానికి తన్నుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. గొట్టం మూతిలోంచి నిప్పురవ్వలు చిమ్మాయి. గున్నమ్మ పిల్లల్ని చెరో చంకనా ఇరికించుకుని బయటికి దూకింది. ఆమె వెనకే గొట్టం ఠప్పుమని పగిలింది. కప్పు పైన తడిగానే ఉంది గానీ లోపలి గడ్డి ఏళ్లుగా పొయ్యి సెగకు ఎండి పొడిపొడిగా ఉంది. అది అందుకుంది. వాన దయదలిచి గట్టిగా కురిసింది కాబట్టి ఇల్లు సగమే పోయింది.

మగవాళ్లందరూ కప్పుల మీద నుంచి దిగి వచ్చి నిలబడ్డారు. ముఖలింగం తీర్పు చెప్పాడు.

"పొయ్యి చూసుకోవడం రాని ఇల్లాలు. ఏం చేస్తాం."

గున్నమ్మ ఆ మాట విందో లేదో. చంకల్లో పిల్లల్ని అలాగే పట్టుకుని, దింపడం మర్చిపోయి నిలబడింది. గవరమ్మ వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కర్నీ దింపింది.

"అప్పా, నేనేం చేశానే" అంది గున్నమ్మ. "దుంపలేగా ఉడకేశాను."

గవరమ్మ పగిలిన గొట్టం ముక్క ఒకటి తీసి చూసింది. లోపల అరచేతి మందాన నల్లటి పెచ్చు, తళతళా మెరుస్తోంది. కొంచెం గిల్లి, అక్కడ ఇంకా రాజుకుంటున్న కట్టె మీద వేసింది. అది బుస్సుమని మండింది. ఎండుపుల్ల కూడా అంత ఆత్రంగా మండదు.

గవరమ్మ ఆ మంట నుంచి వెనక్కి జరిగింది. ఇన్నాళ్లూ మసి అంటే కాలిపోయిన దాని మిగులనుకుంది. ఇది ఇంకా కాలాల్సిన సరుకు. ప్రతి ఇంటివాళ్లూ తమ గొట్టంలో కట్టెలు పేర్చుకుని, దాని కిందే రోజూ రెండు పూటలా మంట పెడుతున్నారు. పైన మొగుడు కూర్చుంటున్నాడు. కింద పిల్ల పడుకుంటోంది.

ఆమె నేరుగా ఇంటికి వచ్చి పొయ్యిలోంచి కట్టెలు లాగేసింది.

పిల్లలూ, ఇక్కడొక మాట చెప్పాలి. ఆ అడవిలో పొయ్యి ఆర్పేయడం చిన్న పని కాదు. వంటయ్యాక నిప్పును బూడిదలో కప్పెట్టి ఉంచేవారు. ఆరిపోతే మళ్లీ పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. అంత వానలో, ఛాతీ పట్టేసిన పిల్లను ఇంట్లో పెట్టుకుని నిప్పు లేకుండా ఉండటమంటే మాటలు కాదు. గవరమ్మకు అదంతా తెలుసు. తెలిసే ఆర్పింది. వేడి గొట్టాన్ని గెలకడమంటే రవ్వల్ని తట్టి లేపడమే అని కూడా ఆమెకు తెలుసు.

పొయ్యి చల్లారేలోపు ఒక పొడుగాటి వెదురు తెచ్చింది. ఇంట్లో రాలిన ముళ్లన్నీ ఏరింది. వాటిని వెదురు కొసన చుట్టూ నారతో బిగించి కట్టసాగింది.

"నావి కూడా పెట్టమ్మా" అంది బుల్లి, దగ్గు మధ్యలో.

"నీవి మెత్తన తల్లీ. అవి నీ ఒంటి మీదే గట్టిపడనీ."

"నావి తీసుకో" అంది నూకాలు. విదిలించుకుంటే గట్టి ముళ్లు గుప్పెడు రాలాయి. "వయసు మీద పడితే ఇవి ఊరికే ఊడతాయి. పనికైనా వస్తాయి."

మర్నాడు పొద్దున్న గవరమ్మ పొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. రాయిలా చల్లగా ఉంది. బూడిదంతా తీసి మూతకుండలో పోసి, ఇంటికి దూరంగా పెట్టింది. పొయ్యి మూతికి తడిగోనె అడ్డం కట్టింది. నిచ్చెన వేసింది. అందరూ చూస్తుండగానే ఎక్కడం మొదలుపెట్టింది.

చుట్టూ కప్పుల మీద వాళ్లంతా ఇటు తిరిగారు.

"సింగన్నా, నీ పెళ్లాం నీ నెత్తినెక్కుతోందిరోయ్" అని అరిచాడు ఎదురింటి అడవిపంది.

సింగన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. నిచ్చెన అటూ ఇటూ ఊగింది. గవరమ్మ కిందికి చూసింది. నూకాలు గడప దాటి వచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాడు సింగన్న.

"పోయి ఏం చెయ్యను రా? ఆ పొగలోనే నా కళ్లు పోగొట్టుకున్నాను. దాన్ని కూడా పోగొట్టుకోమంటావా" అంది నూకాలు. "ఎక్కవే కోడలా. నేను పట్టుకున్నాను."

ముఖలింగం ఒక్క గెంతులో ఆ కప్పు మీదికి వచ్చాడు.

"గవరమ్మా, దిగు."

"దిగుతాను బావగారూ. ఈ చీపురు మీరు పట్టుకోండి." వెదురు అతని ముందు పెట్టింది.

ముఖలింగం చీపురును చూశాడు గానీ ముట్టుకోలేదు. "పొగ ఆడవాళ్ల సంగతని చెప్పానా."

"చెప్పారు. నేనూ ఒప్పుకున్నాను. పొగ నాదైతే, అది ఎందాకా పోతే అందాకా నేనూ పోతాను."

ఆమె గొట్టం మూతిలో వెదురు దించింది. దించి తిప్పింది. పైకి లాగింది. మళ్లీ దించింది. పెచ్చులు పెచ్చులుగా మసి విరిగి కింద పొయ్యిలో పడింది. నల్లటి దుమ్ము లేచి ఆమె మొహాన్ని, ముళ్లను కప్పేసింది. ఆమె ఆగలేదు. వెదురు కొస కింద పొయ్యికి తగిలి టక్కుమన్నదాకా, గొట్టంలోంచి చూస్తే పొయ్యి అడుగు కనిపించేదాకా ఆగలేదు.

కిందికి దిగి, గోనె విప్పి మసి ఎత్తితే పెద్ద గంపెడైంది. సింగన్న వంగి ఆ గంపలోకి చూశాడు.

"ఇదంతా మన గొట్టంలోనేనా?"

"నువ్వు రోజూ ఆనుకుని కూర్చునే దాంట్లోనే" అంది గవరమ్మ.

ముఖలింగం గొంతు సవరించుకున్నాడు. అరిచే అవసరం అతనికి ఎప్పుడూ లేదు. "ఈ ఇంటికి ఎవరూ నిప్పివ్వకండి. కట్టుబాటు దాటిన పొయ్యి చల్లగానే ఉండాలి" అని చెప్పి తన కప్పు మీదికి వెళ్లిపోయాడు.

గవరమ్మ మొహం కూడా కడుక్కోకుండా, చిల్లపెంకు పట్టుకుని నిప్పుకు బయల్దేరింది.

మొదట పునుగుపిల్లి ఇంటికి వెళ్లింది. ఇల్లాలు పొయ్యి దగ్గర నుంచే తల అడ్డంగా ఊపింది. "మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు గవరమ్మా" అంది.

తర్వాత దుప్పి ఇంటికి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. గవరమ్మ నల్లటి మొహం చూసి మూసుకుంది.

మూడోది ఎదురింటి అడవిపంది ఇల్లు. ఇల్లాలు బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, "రేపు రా. రేపటికి వాళ్లు మర్చిపోతారు" అని గుసగుసగా అంది.

"రేపటిదాకా పిల్ల ఛాతీ ఆగుతుందా?" అని అడిగింది గవరమ్మ. అవతలి ఆమె నేల చూసింది.

ఖాళీ పెంకుతో ఇంటికి వచ్చేసరికి వాన మళ్లీ ఊపందుకుంది. బుల్లి వణుకుతోంది. నూకాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముళ్లు గుచ్చుకోకుండా కడుపు వైపు తిప్పుకుని కూర్చుంది. పొయ్యి శుభ్రంగా ఉంది. అంత శుభ్రమైన పొయ్యి ఆ అడవిలో ఇంకెక్కడా లేదు. అందులో ఒక్క నిప్పురవ్వ కూడా లేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు సింగన్న. ఎత్తిపొడుపుగా అనలేదు. భయంగా అన్నాడు.

గవరమ్మ ఖాళీ పెంకు పక్కన పెట్టింది. తప్పు చేశానా అని మొదటిసారి అనుకుంది. పొగలోనైనా సరే, పిల్ల వెచ్చగా ఉండేది కదా. ఖాళీ పొయ్యి ముందు కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే రావులమ్మ. ముఖలింగం భార్య. వానలో నిలువునా తడిసి, కొంగు కింద ఏదో దాచుకుని నిలబడింది. కొంగులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"అక్కా, బావగారు చూస్తే" అంది గవరమ్మ.

"వానలోనూ కప్పు మీదే ఉన్నారు. అక్కడి నుంచి అడవంతా కనిపిస్తుందంటారు. ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం కనిపించదు." రావులమ్మ లోపలికి వచ్చి మూతపిడత దింపింది. మూత తీస్తే ఎర్రగా నిప్పులు. "గున్నమ్మ గొట్టం గుర్రుమన్నట్టే పొద్దున్న మాదీ ఒకసారి గుర్రుమంది. పెద్ద గుర్రు కాదు, నిద్రలో గురక లాంటిది. వెంటనే కట్టెలు లాగేసి, నిప్పులు ఇందులోకి ఎత్తి, పొయ్యి మూతికి తడిమట్టి మెత్తేశాను. గాలి అందక అదే అణిగింది. ఇదిగో నిప్పు. ఆ చీపురు ఇలా ఇయ్యి."

గవరమ్మ ఆమె వైపు చూసింది. చీపురు తెచ్చి చేతికిచ్చింది.

"ముందు చల్లారనివ్వాలి అక్కా. చెయ్యి పెట్టి చూసుకున్నాకే ఎక్కు."

"తెలుసు. నిన్న నువ్వు ఆర్పడం, ఇవాళ ఎక్కడం, అన్నీ కిటికీలోంచి చూశాను. నాకింకేం పనుంది" అని నవ్వి వెళ్లిపోయింది రావులమ్మ.

గవరమ్మ మూతపిడత పొయ్యి దగ్గరికి జరిపింది. నిప్పులు పొయ్యిలో పోసింది. సింగన్న వెళ్లి, అటక మూలన మిగిలిన నాలుగు ఎండుకట్టెలు వెతికి తెచ్చాడు. ఒకటి ఎక్కువ తెచ్చి పొయ్యి మూతి పక్కనే పెట్టబోతే, "దూరంగా" అంది గవరమ్మ. దూరంగా పెట్టాడు.

మంట లేచింది. పొగ ఒక్క క్షణం తడబడింది. అలవాటు ప్రకారం గదిలోకి రాబోయింది. అంతలో దానికి దారి కనిపించినట్టుంది. గిర్రున తిరిగి గొట్టంలోకి దూరి పోయింది.

అందరూ బుల్లి వైపే చూస్తున్నారు. బుల్లి ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది. దగ్గు రాలేదు.

"గోడ మీద బొమ్మలున్నాయే" అంది బుల్లి.

నిజమే. ఎప్పుడో అలికి పెట్టిన ముగ్గు. పొగలో ఇన్నాళ్లూ ఎవరికీ కనిపించలేదు. నూకాలు కళ్లు తుడుచుకుంది. "అది నేను పెళ్లై వచ్చిన కొత్తలో వేసింది. ఇంకా ఉందా?" అని అడిగింది. ఉందని గవరమ్మ చెప్పింది. అత్త వేలు పట్టుకుని ముగ్గు గీత వెంబడి తిప్పించింది. ఇన్నాళ్లకి ఆ ఇంట్లో నలుగురూ ఒకే ఊపిరి కడుపునిండా పీల్చుకున్నారు. వెచ్చగా గంజి తాగారు. గంజి గంజి వాసనే వేసింది.

రెండు రోజుల తర్వాత వాన తెరిపిచ్చింది. మగజంతువులన్నీ ఎప్పటిలాగే ఒళ్లు విరుచుకుంటూ కప్పుల వైపు చూశాయి. కూర్చోడానికి చోటు లేదు. పునుగుపిల్లి ఇంటి మీద పునుగుపిల్లి ఇల్లాలుంది. దుప్పి ఇంటి మీద దుప్పి ఇల్లాలుంది. "రేపు రా" అన్న అడవిపంది ఇల్లాలు అందరికంటే ముందే ఎక్కి సగం దులిపేసింది. గున్నమ్మ సగం కాలిన ఇంటికి కొత్త గొట్టం పెట్టుకుని, గొట్టం గడ్డిని తాకేచోట చుట్టూ మందంగా మట్టి మెత్తుతోంది. అందరి చేతుల్లోనూ ముళ్ల చీపుళ్లే. గవరమ్మ ఇంటి ముందు ఒక గంప పెట్టింది, తమ ఇంట్లో రాలిన ముళ్లు అందులో వేసి, కావాల్సినవాళ్లు తీసుకుపొమ్మని. ఆ గంపలో ఎక్కువ ముళ్లు సింగన్నవే.

ముఖలింగం తన ఇంటి ముందు నిలబడి పైకి చూశాడు. రావులమ్మ గొట్టంలో వెదురు దించుతోంది.

"రావులూ, దిగు."

"వస్తున్నాను. చల్లారిన పొయ్యిలో మసి రాలుతోంది, కాస్త గంపలోకి ఎత్తండి."

ముఖలింగం అటూ ఇటూ చూశాడు. కూర్చోడానికి వేరే కప్పు లేదు. మాట్లాడుకోడానికి వేరే మగవాడు లేడు, అందరూ లోపల మసి ఎత్తుతున్నారు. అతనూ వంగి లోపలికి వెళ్లాడు. మొహానికి మసి అంటుకుందో లేదో ఎవరికీ తెలియలేదు. కొండముచ్చు కదా, ముందే నల్లగా ఉంది.

అప్పటి నుంచి ఆ అడవిలో సంబంధాలకు వచ్చినవాళ్లు గొట్టంలోకి తొంగిచూడటం మానలేదు. కాకపోతే వెలుతురు కనిపిస్తేనే తాంబూలం పుచ్చుకుంటున్నారు.

నీతి: ఎవరి పనీ కాదని వదిలేసిన మసే ఇంటికి నిప్పు పెడుతుంది. పొయ్యి చల్లార్చి గొట్టం దులపండి. అడ్డొచ్చే కట్టుబాటు ఉంటే దాన్నీ మసితో పాటే దులిపెయ్యండి.